ముంబయిలో ఒక్క రోజులో పాత కళ, కొత్త కళ ఎలా చూడాలి: ధర్మాబాద్, దెగ్లూర్, కిన్వట్, సిరొంచ వైపు మనవాళ్లకు

ముంబయి వెళ్లిన మన మహారాష్ట్ర సరిహద్దు తెలుగువాళ్లు గేట్‌వే దగ్గర ఫొటో దిగుతారు, సిద్ధివినాయకుడి దర్శనం చేసుకుంటారు, చౌపాటీలో భేల్ తిని రాత్రికి మళ్లీ రైలెక్కేస్తారు. అదే గేట్‌వే నుంచి పది నిమిషాలు నడిస్తే కాలా ఘోడా వస్తుంది. అక్కడ మూడు చోట్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి: పాత ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియం (ఇప్పుడు ఛత్రపతి శివాజీ మహారాజ్ వాస్తు సంగ్రహాలయ), దానికి ఎదురుగా నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్, పక్కనే జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ. వందల ఏళ్ల నాటి శిల్పాల నుంచి పోయిన నెలలో గీసిన బొమ్మల దాకా ఒక్క రోజులో చూసి రావచ్చు.

"మోడర్న్ ఆర్టా, మనకేం అర్థమవుతుందిలే" అని ముందే చేతులెత్తేసేవాళ్ల కోసమే ఇది రాస్తున్నా. నా మాట ఒకటే. బొమ్మకు అర్థం ఏమిటని తల బద్దలు కొట్టుకోకండి, దాన్ని ఎలా చేశారో చూడండి. పత్తి ఏరి, మగ్గం చూసి, గోడకు సున్నం కొట్టి, గడపకు ముగ్గేసి పెరిగినవాళ్లం, చేతిపని గురించి మనకు ఎవరో వచ్చి చెప్పక్కర్లేదు.

ముందు రోజు చూసుకోండి

సోమవారం వద్దు. మోడర్న్ ఆర్ట్ గ్యాలరీకి ఆ రోజు సెలవు. పెద్ద మ్యూజియం మామూలుగా వారమంతా తెరిచే ఉంటుంది, పొద్దున 10:15 నుంచి సాయంత్రం 6 దాకా. మోడర్న్ గ్యాలరీ 11 నుంచి 6, జహంగీర్ 11 నుంచి 7. రిపబ్లిక్ డే, ఆగస్టు 15 లాంటి జాతీయ సెలవులప్పుడు మూసేస్తారు కాబట్టి ఆ తేదీలు వదిలేయండి. జనవరి చివర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో కాలా ఘోడా ఉత్సవం జరుగుతుంది, అప్పుడు రోడ్డు మీద ఇసకేస్తే రాలనంత జనం. సందడి ఇష్టమైతే అప్పుడే వెళ్లండి, బొమ్మలు నిమ్మళంగా చూడాలనుకుంటే మాత్రం మంగళవారం నుంచి శుక్రవారం లోపల ఏదో ఒక రోజు పెట్టుకోండి.

ఇంకో సంగతి, మోడర్న్ గ్యాలరీలో బొమ్మలు ఎప్పుడూ ఒకేలా ఉండవు. ప్రదర్శనలు మారుతుంటాయి, ఒకటి తీసేసి ఇంకొకటి పెట్టే మధ్యలో గదులు మూసి ఉంటాయి కూడా. టికెట్ బుక్ చేసే ముందు వాళ్ల వెబ్‌సైట్‌లోనో సోషల్ మీడియా పేజీలోనో ఏం నడుస్తోందో చూసుకోండి. ఇంతదూరం పోయి తాళం చూసి వస్తే ఇంట్లోవాళ్లు జన్మలో మళ్లీ మీతో రారు.

రైలు దిగాక

దేవగిరి ఎక్స్‌ప్రెస్ ధర్మాబాద్, ముద్ఖేడ్, నాందేడ్ మీదుగా వెళ్లి పొద్దున్నే సీఎస్ఎంటీలో (పాత వీటీ స్టేషన్) దింపుతుంది. కిన్వట్ వైపువాళ్లకు నందిగ్రామ్ ఉంది. సిరొంచలో రైలే లేదు కాబట్టి అక్కడివాళ్లు మంచిర్యాలకో బల్లార్షాకో చేరుకోవాలి, వాళ్లు ఒక్క రోజుతో సరిపెట్టుకోకుండా రాత్రి బస కూడా చూసుకుంటే మంచిది.

స్టేషన్‌లోనే మొహం కడుక్కుని, బట్టలు మార్చుకుని, సామాను క్లోక్‌రూమ్‌లో పడేయండి. సంచికి తాళం లేకపోతే అక్కడ తీసుకోరు, అందుకే చిన్న తాళం ఒకటి ఇంటి దగ్గరే జేబులో వేసుకోండి. మ్యూజియంలోకి పెద్ద సంచులు ఎలాగూ రానివ్వరు. నీళ్ల సీసా, చిన్న నోట్‌బుక్, పెన్సిల్ చాలు. పెన్ను కన్నా పెన్సిల్ నయం, సిరా మరక భయం ఉండదు. ఏసీ గదులు కాబట్టి పెద్దవాళ్లకు ఒక శాలువా. చెప్పులు మాత్రం మెత్తటివి వేసుకోండి, రోజంతా రాతి నేల మీద నిలబడాలి. ఫంక్షన్ చెప్పులతో వచ్చి మధ్యాహ్నానికే కూలబడినవాళ్లను చూశాను.

టిఫిన్ గట్టిగా చేసి నడుచుకుంటూ వెళ్లండి. డీఎన్ రోడ్ మీదుగా హుతాత్మా చౌక్, అక్కడి నుంచి నేరుగా కాలా ఘోడా, మొత్తం అరగంట కూడా పట్టదు. హుతాత్మా చౌక్ అంటే సంయుక్త మహారాష్ట్ర ఉద్యమంలో ప్రాణాలిచ్చినవాళ్ల స్మారకం. మన నాందేడ్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేదని పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. ఇక కాలా ఘోడా అంటే నల్ల గుర్రం. ఏడవ ఎడ్వర్డ్ రాజు గుర్రమెక్కి ఉన్న నల్ల విగ్రహం ఒకటి అక్కడ ఉండేది, 1965లో దాన్ని బైకుల్లా జూకి తరలించారు. 2017లో కొత్త గుర్రాన్ని తెచ్చి నిలబెట్టారు, ఈసారి మీద రాజు లేడు.

పాతది ముందు

పది గంటలకల్లా పెద్ద మ్యూజియం గేటు దగ్గర ఉండండి. ఉత్సాహం ఆగక నేరుగా మోడర్న్ గ్యాలరీకి పోయేవాళ్లున్నారు, అది వద్దు. కళ్లు తాజాగా ఉన్నప్పుడు తెలిసినదానితో మొదలుపెడితే మధ్యాహ్నం తెలియనిది కూడా మింగుడుపడుతుంది.

లోపలికి పోయే ముందు తోటలో ఆగి భవనం చూడండి. జార్జ్ విటెట్ అనే ఆయన కట్టాడు, 1905లో పునాదిరాయి పడితే 1922లో గానీ జనానికి తెరవలేదు. మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో సైనికుల ఆసుపత్రిగా వాడారు. బూడిద రంగు రాయి కుర్లాది, గోధుమ రంగు రాయి మలాడ్‌ది. పైన గుమ్మటం బీజాపూర్ గోల్ గుంబజ్‌ను గుర్తుకు తెస్తుంది.

అన్ని గదులూ చూడాలని పరుగెత్తకండి. టికెట్ డబ్బులు రాబట్టాలన్న ఆత్రంతో మూడు అంతస్తులూ తిరిగినవాళ్లకు సాయంత్రానికి ఒక్క వస్తువూ గుర్తుండదు. మూడు గదులు ఎంచుకోండి. నన్నడిగితే శిల్పాలు, చిన్న చిత్రాలు, దక్కన్ లోహపు సామాను.

శిల్పాల్లో రెండింటి కోసం వెతకండి. ఒకటి ఐహొళె నుంచి వచ్చిన చాళుక్యుల రాతి పలకలు. ఇంకొకటి ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న సింధ్ మీర్పూర్‌ఖాస్ నుంచి వచ్చిన మట్టి బొమ్మలు. అవి బౌద్ధ స్తూపానివి. అందులో ఒక భక్తుడు చేతిలో తామర పట్టుకుని నిలబడి ఉంటాడు. కాల్చిన మట్టే, ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా రంగు ఛాయలు మిగిలి ఉన్నాయి. జుట్టు వంకీలు, పంచె మడతలు దగ్గరగా చూడండి, చేసినవాడి చేయి మట్టి మీద ఎలా ఆడిందో తెలిసిపోతుంది.

చిన్న చిత్రాల గదిలో లైటు తక్కువగా ఉంటుంది. కరెంటు పొదుపు అనుకునేరు, కారణం వేరే. కాగితం, దాని మీది రంగులు వెలుగుకు వెలిసిపోతాయి, ఒకసారి పోయిన రంగు మళ్లీ రాదు. అందుకే అలాంటి చోట 50 లక్స్‌కు (లక్స్ అంటే వెలుగు కొలత) మించి వెలుగు పడనివ్వరు. రెండు నిమిషాలు ఆగితే కళ్లు సర్దుకుంటాయి. ఫ్లాష్ వద్దనేదీ ఇందుకే. అక్బర్ కాలంలో వేసిన అన్వర్-ఇ-సుహైలీ పుటలు ఈ మ్యూజియం దగ్గర ఉన్నాయి, అది మన పంచతంత్రం కథలు పారశీకంలోకి పోయి పెరిగిన రూపమే. ప్రదర్శనలో ఉంటే జంతువుల కళ్లు చూడండి. అక్బర్ పేరున్న కవచం కూడా ఉంది, 1581 నాటిది, దాని ముందు మగపిల్లలు కదలరు.

దక్కన్ సామానులో బిద్రీ (బీదర్ లోహపు పని) దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడండి. దెగ్లూర్, ఉద్గీర్ వాళ్లకు బీదర్ పక్క ఊరే. నల్లటి హుక్కా కుదురు మీద వెండి తీగలు మెరుస్తుంటాయి కదా, ఆ నలుపు రంగు పూసినది కాదు. జింకులో కొద్దిగా రాగి కలిపి పోత పోస్తారు, ఉలితో గాడి తీస్తారు, ఆ గాడిలో వెండి తీగ పెట్టి సుత్తితో కొడతారు. చివర్లో బీదర్ కోట పాత గోడల దగ్గరి మట్టి, నవాసాగరం కలిపిన నీళ్లలో వేడి చేసి రుద్దితే జింకు నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే ఉంటుంది. గాజు పెట్టె పక్కకు జరిగి వాలుగా చూడండి, తీగ ఎక్కడ అతికిందో, ఎక్కడ కాస్త పైకి లేచిందో తెలుస్తుంది.

వస్తువు ముందు నిలబడ్డాక

రోజంతా పనికొచ్చే పద్ధతి ఒకటి చెప్తాను. బొమ్మ పక్కనున్న చీటీ ముందే చదవకండి. ముందు దూరం నుంచి చూడండి, తర్వాత గార్డు అరవనంత దగ్గరికి వెళ్లండి, ఆ తర్వాత పక్కకు జరిగి వెలుగు పడే వైపు నుంచి చూడండి. దేనితో చేశారు, ఏది ముందు చేశారు, ఏది చివర్లో చేశారు, ఎక్కడ చేయి ఆగింది, ఇవి మీలో మీరే అడుక్కోండి. అప్పుడు చీటీ చదవండి. అందులో పేరు, సంవత్సరం, దేనితో చేశారో, కొలతలు ఉంటాయి. వీటిలో 'దేనితో' అన్న వరుసే మనకు బంగారం.

చీటీల మీద తెలుగు ఉండదు. అయినా మనకు దిగులు లేదు, బడిలో మరాఠీ చదివాం కాబట్టి దేవనాగరిలో రాసినవన్నీ గడగడా చదివేస్తాం, ఇంట్లో అమ్మకు తెలుగులో చెప్పేస్తాం. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకు ఈ సుఖం లేదు. ఇంగ్లిషు మాత్రమే ఉన్నచోట ఫోన్ కెమెరాతో అనువాదం చేయించుకోవచ్చు, తప్పులు దొర్లుతాయి గానీ పని నడుస్తుంది. ఫొటో తీయాలంటే ముందు అడగండి: "కాకా, ఫొటో కాఢలా తర్ చాలేల్ కా?" మరాఠీలో అడిగితే గార్డు మొహం విచ్చుకుంటుంది, అడక్కుండానే ఫలానా గదిలో ఫలానా బొమ్మ చూడండని చెప్పినా చెప్తాడు. ముట్టుకోవడం మాత్రం వద్దే వద్దు. రాయే కదా ఏమవుతుంది అనుకుంటాం, చేతి చెమట, జిడ్డు రోజుకు వందల మందివి పడితే రాయి కూడా నల్లబడుతుంది. గుళ్లో ద్వారపాలకుల మోకాళ్లు చూశారుగా.

ఈ భవనంలోనే పై అంతస్తులో జహంగీర్ నికల్సన్ సేకరణ ఉంది, అంతా ఆధునిక చిత్రకళే. నికల్సన్ పత్తి వ్యాపారి. 1968లో మొదటి బొమ్మ కొన్నాడు, పోయేనాటికి ఎనిమిది వందల దాకా పోగయ్యాయి. పత్తి బేళ్ల డబ్బు ఇలా కూడా ఖర్చవుతుందని కిన్వట్, బిలోలి పత్తి రైతులకు చూపించాలని నాకు కోరిక. ఆ రోజు గది తెరిచి ఉందో లేదో కౌంటర్లోనే అడగండి. తెరిచి ఉంటే పాత నుంచి కొత్తకు దాటడానికి అదే మంచి మెట్టు.

ఒంటిగంటకు బయటికి రండి. కాలా ఘోడా కెఫేల్లో బిల్లు చూస్తే కడుపు నిండిపోతుంది, ఫోర్ట్ వైపు నడిస్తే మామూలు హోటళ్లున్నాయి. జొన్నరొట్టె, ఠేచా మూట కట్టుకొస్తే ఓవల్ మైదాన్ దగ్గర్లోనే ఉంది.

మోడర్న్ గ్యాలరీలో

ఎదురుగా ఉన్న సర్ కావస్జీ జహంగీర్ హాల్ 1911లో కట్టింది, అదీ విటెట్ పనే. ఒకప్పుడు సభలు, కచేరీలు జరిగేవి. 1996 నుంచి మోడర్న్ ఆర్ట్ గ్యాలరీ. నేను వెళ్లినప్పుడు టికెట్ 20 రూపాయలు. అర్ధచంద్రాకారపు గ్యాలరీలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, మెట్లెక్కుతూ చివరికి గుమ్మటం కిందికి చేరతాం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు లిఫ్ట్ సంగతి కిందే అడగండి.

ఇక్కడ కొందరు చిత్రకారుల పేర్లు తెలిసి ఉంటే పరాయి చోటికి వచ్చినట్టు ఉండదు. హుసేన్ మన వారకరీలు నడిచి వెళ్లే పండరిపురంలో పుట్టాడు, ముంబయిలో సినిమా హోర్డింగులు గీసి పొట్టపోసుకున్నాడు. ఆ గీతలో అంత వేగం ఎక్కడిదో హోర్డింగు గుర్తుంటే తెలుస్తుంది. కె.హెచ్. ఆరా సికింద్రాబాద్ పక్కన బొల్లారంలో పుట్టి, చిన్నప్పుడే ముంబయి పారిపోయి, ఇళ్లల్లో పని చేస్తూ, కార్లు కడుగుతూ బొమ్మలు నేర్చుకున్నాడు. రజా నాగ్‌పూర్‌లో చదివాడు, గాయితోండే పుట్టిందే నాగ్‌పూర్‌లో. 1947లో పెట్టిన ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్‌లో హుసేన్, ఆరా, రజా మొదటి నుంచీ ఉన్నారు, గాయితోండే తర్వాత చేరాడు. మన తెలుగువాళ్ల సంగతికొస్తే రాజమండ్రి దామెర్ల రామారావు, కరీంనగర్ వైపు అన్నారం నుంచి వచ్చిన పి.టి. రెడ్డి ఇద్దరూ చదివింది సీఎస్ఎంటీ దగ్గరున్న జె.జె. ఆర్ట్ స్కూల్‌లోనే.

ఇప్పుడు అసలు చిక్కు. బొమ్మలో మనిషి లేడు, చెట్టు లేదు, రంగే ఉంది. "మా పిల్లోడు కూడా వేస్తాడు" అన్న మాట నాలుక చివరికి వస్తుంది. రానివ్వండి, అని మాత్రం వెళ్లిపోకండి. గాయితోండేది ఒకటి దొరికితే దాన్నే తీసుకోండి. ఆయన రోలర్‌తో, పలచటి కత్తితో రంగు పొరలు పరిచేవాడు, కొంత గీకేవాడు, మళ్లీ పరిచేవాడు. ఏడాదికి వేసింది వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. పక్క నుంచి చూడండి, పసుపు కింద ఇంకో రంగు ఊపిరి పీలుస్తుంటుంది. పాత ఇంటి గోడకు ఏటా వేసిన సున్నం పెచ్చులూడితే కింద నీలం, దాని కింద పచ్చ బయటపడతాయే, అలా. ఐదు నిమిషాలు నిలబడ్డాక కూడా నచ్చకపోతే నచ్చలేదని ఒప్పుకుని పక్కకు పొండి, తప్పేం లేదు. నాకూ కొన్ని గదులు చప్పగానే అనిపిస్తాయి.

ఈ కాలం పనుల్లో బొమ్మే ఉండకపోవచ్చు. అతుల్ దోడియా దుకాణం రోలింగ్ షట్టర్ల మీద బొమ్మలు వేశాడు, సుబోధ్ గుప్తా స్టీలు గిన్నెలు, టిఫిన్ డబ్బాలు పేర్చి శిల్పాలు చేశాడు. వాళ్లవి కనిపించినా, ఇంకెవరివి కనిపించినా అడగాల్సిన ప్రశ్న అదే: ఈ వస్తువునే ఎందుకు తీసుకున్నాడు? స్టీలు గిన్నె అంటే మన ఇంట్లో ఏమిటో, పెళ్లిలో ఏమిటో మీకు తెలుసు, అక్కడి నుంచి మొదలుపెట్టండి. వీడియో గదిలో చీకటిగా ఉందని తొంగిచూసి వచ్చేయకుండా లోపల కూర్చోండి, మళ్లీ మొదలయ్యేదాకా చూడండి, కాళ్లకు విశ్రాంతి కూడా.

సంప్రదాయం ఒక గదిలో, కొత్తది ఇంకో గదిలో అని గీత గీసుకోవద్దు. మహారాష్ట్ర గిరిజనుల వార్లీ బొమ్మల సంగతే చూడండి. పెళ్లిళ్లకు ఆడవాళ్లు మట్టిగోడ మీద బియ్యప్పిండితో వేసేవాళ్లు. జివ్యా సోమా మశే దాన్ని గోడ మీద నుంచి కాగితం మీదికి, పెళ్లి నుంచి రోజువారీ బతుకులోకి తెచ్చాడు. 2011లో పద్మశ్రీ వచ్చింది, 2018లో పోయాడు. ఆయన్ని పాత కళాకారుడనాలో కొత్త కళాకారుడనాలో మీరే తేల్చండి.

పిల్లలుంటే వాళ్ల చేతికి నోట్‌బుక్ ఇచ్చి ప్రతి గదిలో ఒక్కటి గీయమనండి, లేదా "ఇంటికి పట్టుకెళ్లమంటే ఏది తీసుకెళ్తావు, ఎక్కడ తగిలిస్తావు" అని అడగండి. దేవుడి గదిలో అంటారు, బాత్రూంలో అంటారు, ఏదైనా సరే, చూస్తున్నట్టే లెక్క.

జహంగీర్ చివర్లో

ఏడు దాకా ఉంటుంది, టికెట్ లేదు, అందుకే చివరికి పెట్టాను. 1952లో తెరిచారు. గదులు చిన్నవి, ప్రదర్శనలు మామూలుగా వారానికోసారి మారతాయి, అన్నిటికన్నా మంచి సంగతి ఏమిటంటే బొమ్మ వేసిన మనిషి చాలాసార్లు అక్కడే కుర్చీలో కూర్చుని ఉంటాడు. సిగ్గుపడకుండా పలకరించండి. "దీని అర్థమేంటి" అని అడిగితే పాపం వాళ్లు కూడా పొడి మాటలు చెప్తారు. "ఇది ముందు వేశారా, అది ముందు వేశారా", "ఈ గరుకు ఎలా వచ్చింది" అని అడగండి, లేచి వచ్చి చేత్తో చూపిస్తారు. మరాఠీ నడుస్తుంది, హిందీ నడుస్తుంది, ఒక్కోసారి హైదరాబాద్ నుంచి వచ్చిన తెలుగు చిత్రకారులే తగులుతారు.

ధర అడగడం తప్పు కాదు, పట్టిక అక్కడే ఉంటుంది. కూరగాయల బేరం మాత్రం ఆడకండి. కొనేంత లేకపోతే విజిటర్స్ బుక్‌లో తెలుగులో రెండు వాక్యాలు రాసి, ఊరి పేరుతో సహా సంతకం పెట్టండి. బయట పేవ్‌మెంట్ మీద కూడా చిత్రకారులు బొమ్మలు పెట్టుకుని ఉంటే అక్కడ ధరలు జేబుకు అందుతాయి, కొన్న బొమ్మను గొట్టంలా చుట్టించుకోండి. మడత పెడితే ఆ గీత ఇక పోదు. రైల్లో పై బెర్తు వాళ్లు అడిగితే గొట్టం అక్కడ పెట్టుకోనిస్తారు, కింద సీటు కింద పెడితే ఎవరో ఒకరు సూట్‌కేస్ తోసేస్తారు.